తబితమ్మ చిట్టాలో గీతలు

అనగనగా అంటే మరీ అంత పాతకాలమేం కాదు. అమెరికా ఇంకా ఒక దేశం కాక ముందు, ఇంగ్లండు రాజుగారి ఏలుబడిలో ఉన్న రోజులు. ఆ గడ్డకి తూర్పు అంచున, సముద్రం ఒడ్డున, ఒక రేవు ఊరుండేది. దాని అసలు పేరు మన నోళ్లకి తిరగదు. మనం చేపలరేవు అనుకుందాం. అలా పిలిస్తే ఆ ఊరివాళ్లేం కోప్పడరు. ఆ ఊళ్లో చేపల వాసన వెయ్యని వస్తువంటూ లేదు మరి. ఆదివారం ప్రార్థనకి వేసుకునే మంచి బట్టలతో సహా.

చేపలరేవులో అన్నీ ఉండేవి. డబ్బు ఒక్కటే ఉండేది కాదు.

రాజుగారి నాణేలు సముద్రం దాటి ఇటు వచ్చేవి తక్కువ, వచ్చినవి తిరిగి అటే పోయేవి. మరి బేరం ఎలా జరిగేది? చిట్టాల మీద జరిగేది. రైతు వెన్న తెచ్చి దుకాణంలో ఇస్తే, అతని పేరున జమ రాసుకునేవాళ్లు. అతని పెళ్లాం సూదులు పట్టుకెళితే, అదే పేరున బాకీ రాసుకునేవాళ్లు. ఏడాది తిరిగాక ఇద్దరూ బల్లకి అటూ ఇటూ కూర్చుని, పద్దులన్నీ పైకి చదువుకుని, లెక్క తేల్చుకుని, ఇద్దరూ కింద సంతకం పెట్టేవాళ్లు. అప్పుడుగానీ ఆ ఏడాది గడిచినట్టు కాదు.

ఆ ఊరి చట్టం ఇంకా వింత. తగువొస్తే దుకాణదారు చిట్టాయే సాక్షి. బైబిలు మీద చెయ్యి పెట్టి, "ఇది బేరం జరిగినప్పుడు జరిగినట్టు రాసిన చిట్టా" అని ప్రమాణం చేస్తే చాలు, న్యాయస్థానం నమ్మేది. డబ్బు లేని ఊళ్లో మాటే డబ్బు. ఆ మాట కాగితం మీదుంటే అది బంగారం.

ఆ ఊళ్లో రేవు మొదట్లోనే ఒక చిన్న దుకాణం ఉండేది. ఎల్కానా అనే అతనిది. ఉప్పు, దారం, గాలాలు, కుండలు అమ్మేవాడు. చేపల కాలంలో తను కూడా పడవేసుకుని వేటకి పోయేవాడు. ఒక ఏడాది చలికాలం ముందు అలా వెళ్లిన పడవ తిరిగి రాలేదు.

అప్పటినుంచి దుకాణం అతని భార్య చూసుకునేది. ఆవిడ పేరు తబిత. ఊరంతా తబితమ్మ అనేవాళ్లు.

తబితమ్మకి బేరం వచ్చు, తూకం వచ్చు, మనుషుల మొహం చూసి ఎవరికి ఏం కావాలో చెప్పడం వచ్చు. రానిది ఒక్కటే. తప్పు లేకుండా రాయడం. మనసంతా భయంగా ఉండేది. ఈక కలం సిరాలో ముంచినప్పుడల్లా చెయ్యి కొంచెం వణికేది. ఒక పేరు కింద రాయాల్సింది ఇంకో పేరు కింద రాసేది. ఇచ్చింది రాయడం మరిచిపోయేది, ఇవ్వనిది రాసేది.

తప్పు రాస్తే దుకాణదార్లందరూ ఏం చేసేవాళ్లంటే, చిన్న చాకు తీసుకుని ఆ అక్షరాలని కాగితం మీంచి నెమ్మదిగా గీకేసేవాళ్లు. పైన మళ్లీ రాస్తే ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఎల్కానా పెళ్లయిన కొత్తల్లోనే ఆవిడకొక మాట చెప్పాడు. మన దుకాణంలో చిట్టా గీకకూడదు, తప్పొస్తే దానిమీద ఒకే ఒక గీత కొట్టు, కిందున్న అక్షరాలు కనబడేలా కొట్టు, పక్కన ఎందుకు కొట్టావో రాయి, అన్నాడు. భర్త మాట కదా అని ఆవిడ అలాగే చేసేది. అందుకే ఆవిడ చిట్టా చూస్తే కోడి కెలికిన పెంటలా ఉండేది.

దీనికి పూర్తిగా ఎదురు గెర్షోముగారి చిట్టా. గెర్షోము ఆ ఊరికి పెద్ద వర్తకుడు. సొంత ఓడలున్నవాడు. ఆయన గుమాస్తా రాసే చిట్టా ముత్యాలు పేర్చినట్టుండేది. ఊరివాళ్లు ఆయన దుకాణానికి ఉప్పు కొనడానికి వెళ్లి, ఆ చిట్టా కేసి చూసి, లోపల్లోపల నమస్కారం పెట్టుకుని వచ్చేవాళ్లు.

ఒకరోజు తబితమ్మ దుకాణం కిటకిటలాడుతోంది. నోవహు అనే జాలరి వచ్చి, తన బాకీ చదవమన్నాడు. ఆవిడ చదివింది. మధ్యలో అతను ఆపాడు.

"అమ్మా, ఆ గాలాలు నేను తీసుకోలేదు. తీసుకుంటే ఇన్నాళ్లూ చేపల్ని చేత్తో పట్టుకుంటానా?"

అందరూ నవ్వారు. తబితమ్మ చెవులు ఎర్రబడ్డాయి. అతను చెప్పింది నిజమే. అవి అతని తమ్ముడు తీసుకున్నాడు. ఆవిడ గీత కొట్టి, పక్కన "నా పొరపాటు, నోవహు తీసుకోలేదు" అని అందరి ముందూ రాసింది. రాసి, సిరా ఆరేదాకా తల ఎత్తలేదు.

ఇంకోసారి చిట్టా తిరగేస్తుంటే, ఎదురింటి నేతగత్తె కెజియా దగ్గర కొన్న గుడ్డ కొలతలో తేడా కనబడింది. కెజియాకి జమ తక్కువ రాసింది. ఆ సంగతి కెజియాకి తెలియదు, తెలిసే దారి కూడా లేదు. తబితమ్మ గీత కొట్టి, సరిచేసి, ఎదురింటికి వెళ్లి చెప్పింది.

కెజియా మగ్గం ఆపి ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. "ఒసే తబితా, నేనడిగానా? నీ దుకాణం మునిగేది తుఫానువల్ల కాదే, నీ నోటివల్ల" అంది. అని, ఆ సాయంత్రం ఒక రొట్టె పంపించింది.

ఇలా ఉండగా ఒకనాడు గెర్షోము దావా వేశాడు.

ఎల్కానా బతికుండగా తన దగ్గర ఆ ఆఖరి ఏడాది పొడవునా ఉప్పు పీపాలు తీసుకున్నాడనీ, దానికి బదులు ఒక్క చేప కూడా ఇవ్వకుండానే పోయాడనీ, ఆ బాకీ కింద దుకాణం తనకి రావాలనీ ఆ దావా. రేవు మొదట్లో ఉన్న ఆ చోటు మీద ఆయనకి ఎప్పటినుంచో కన్నుంది. ఓడలోంచి దింపిన సరుకు అడుగు దూరంలో పెట్టుకోవచ్చు కదా మరి.

తబితమ్మ గుండె జారిపోయింది. ఉప్పు తీసుకున్న మాట నిజమే. కానీ ఎల్కానా ఎండుచేపల కట్టలు తన చేత్తో మోసుకెళ్లి గెర్షోము కొట్లో దింపడం ఆవిడ కళ్లారా చూసింది. ఏడాది చివర కూర్చుని లెక్క తేల్చుకోవాలి. ఆ లోపలే పడవ మునిగింది. సంతకాలు లేని లెక్క గాల్లో మిగిలిపోయింది. ఇప్పుడు దుకాణం పోతే ఆవిడ ఎవరింట్లోనో గిన్నెలు తోముకుంటూ బతకాలి.

చిట్టా తెరిచి, భర్త చేతిరాత వెతికింది. చేపలు ఇచ్చిన పద్దులు ఒక్కొక్కటీ ఉన్నాయి. ఊపిరి వచ్చింది. అతను రాసిన చివరి పేజీలో, పడవెక్కే ముందురోజు రాసిన ఇంకో పద్దు కూడా ఉంది. అది చదివి మళ్లీ ఊపిరి పోయింది.

"గెర్షోముగారి మనుషులు పొరపాటున ఒక పీపా ఉప్పు ఎక్కువ దింపారు. ఆయన చిట్టాలో ఎక్కి ఉండదు. వేటనుంచి వచ్చాక చెప్పాలి."

ఈ పీపా గెర్షోము దావాలో లేదు. ఆయనకి తెలియనే తెలియదు.

కెజియా వచ్చి, ఆ పద్దు చూసి, తలుపు దగ్గరగా వేసి కూర్చుంది. ఇది న్యాయస్థానంలో బయటపడితే, మిగతా ఉప్పు కూడా బాకీయే అనుకుంటారని చెప్పింది. ఒక్క వరస, ఎవడూ చూడలేదు, ఎల్కానా కూడా ఏమీ అనుకోడు, గీకెయ్యమంది. తనే లేచి చాకు తెచ్చి బల్లమీద పెట్టింది.

తబితమ్మ చాకు చేతిలోకి తీసుకుంది. చాలాసేపు ఆ అక్షరాల వైపు చూసింది. పొడుగ్గా, కొంచెం పక్కకి వాలి, గాలికి వంగిన గడ్డిలాంటి రాత. ఆ మనిషివి లోకంలో ఇంక మిగిలిన మాటలు ఇవే.

"అక్కా, ఇది గీకితే ఆయన్ని గీకినట్టుంటుంది" అంది.

ఆ చాకుతో ఈక కలం మొన చెక్కుకుంది. సిరాలో ముంచి, ఆ పద్దు కిందే రాసింది. "ఈ పీపా బాకీ ఇంకా తీర్చలేదు. తబిత."

కెజియా లేచి వెళుతూ, "పిచ్చిదానా" అంది. కానీ ఆ మాట తిట్టులా వినబడలేదు.

చేపలరేవులో న్యాయస్థానానికి వేరే గది లేదు. పూటకూళ్ల ఇంట్లోనే జరిగేది. విచారణ రోజున పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది, ఊరంతా బల్లల చుట్టూ కూర్చుంది. పక్క ఊరినుంచి గుర్రం మీద వచ్చిన న్యాయాధిపతి జలుబుతో ముక్కు చీదుకుంటూ, రెండు చిట్టాలూ ముందు పెట్టమన్నాడు.

ముందు గెర్షోముగారి చిట్టా తెరిచాడు. పేజీ తిప్పాడు, ఇంకో పేజీ తిప్పాడు. తల ఊపాడు. ఒక్క మచ్చ లేదు, ఒక్క గీత లేదు. ఇన్నేళ్లుగా ఇన్ని ఊళ్లు తిరిగాను, ఇంత చక్కటి చిట్టా చూడలేదు అన్నాడు.

గెర్షోము ఛాతీ కొంచెం పొంగింది. "చిత్తం. నా చిట్టాలో ఒక్క కొట్టివేత చూపించండి, నా దావా వదులుకుంటాను" అన్నాడు.

తరవాత తబితమ్మ చిట్టా తెరిచాడు. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏమమ్మా, ఇది చిట్టానా, పిల్లి గోళ్లు పదును పెట్టుకున్న చాపా?"

జనం గొల్లుమన్నారు. తబితమ్మ నేలలోకి కుంగిపోతే బాగుండుననుకుంది. అయినా, భర్త రాసిన చేపల పద్దులు తీసి చూపించింది. గెర్షోము తన చిట్టా చూపించి, ఇక్కడ ఆ జమలు లేవన్నాడు. ఒక చిట్టా ఉందంటోంది, ఇంకో చిట్టా లేదంటోంది. ఒకటి అద్దంలా ఉంది, ఇంకోటి గీతల బొంతలా ఉంది. ఎవరైనా దేన్ని నమ్ముతారు?

న్యాయాధిపతి ఆలోచనలో పడ్డాడు. తబితమ్మ చిట్టాలో ఒక గీత మీద వేలు పెట్టి, ఇదేమిటని అడిగాడు. ఆవిడ నోరు తెరిచేలోపే వెనక బల్లమీంచి నోవహు లేచాడు.

అది తనదేననీ, ఆ గాలాలు తను తీసుకోలేదంటే ఆవిడ మారు మాట్లాడకుండా కొట్టేసిందనీ చెప్పాడు.

న్యాయాధిపతి ఇంకో గీత మీద వేలు పెట్టాడు. ఈసారి కెజియా లేచింది. అది తన గుడ్డ లెక్కనీ, తను అడగలేదనీ, ఇప్పటికీ ఆ తేడా తనకి అర్థం కాలేదనీ, కొలత వచ్చినవాళ్లెవరైనా ఉంటే చెప్పమనీ అంది. జనం మళ్లీ నవ్వారు, కానీ ఈసారి నవ్వు వేరేలా ఉంది.

మూడోసారి ఆయన ఎల్కానా రాసిన చివరి పేజీ తీశాడు. అక్కడ గీత లేదు. ఒక పద్దూ, దాని కింద వేరే చేత్తో రాసిన ఒక వరసా ఉన్నాయి. ఆయన లోపల చదువుకుని, తల ఎత్తాడు. దీని సంగతి చెప్పడానికి ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఎవరూ లేవలేదు. ఆ సంగతి తెలిసినవాళ్లలో ఒకరు సముద్రంలో ఉన్నారు, ఒకరు మగ్గం మనిషి, నోరు బిగించుకుని కూర్చుంది.

తబితమ్మే లేచింది.

"అది నాకు వ్యతిరేకంగా ఉన్న పద్దు బాబూ. గెర్షోముగారి ఉప్పు పీపా ఒకటి ఎక్కువ మా కొట్లో పడింది. ఆయన అడగలేదు, ఆయనకి తెలియదు. అది మాత్రం నేను ఇవ్వాలి."

గెర్షోము తన చిట్టాలో ఆ రోజు పేజీ గబగబా తిప్పి చూసుకున్నాడు. లేదు. ఆయన మొహంలో ఏదో మారింది.

న్యాయాధిపతి ఆయన వైపు తిరిగి, మీకు ఇన్నేళ్లలో ఒక్క పొరపాటు కూడా జరగలేదా అని మెత్తగా అడిగాడు. గెర్షోము లేదన్నాడు. అనడం అన్నాడు గానీ, ఇందాకటంత గట్టిగా అనలేదు.

అప్పుడు మూలనుంచి, గెర్షోము కొలువులో పీపాలు బిగించే హోషేయ లేచాడు. హోషేయకి గెర్షోమంటే ప్రాణం. ఆయన పేరు చెప్పుకుని బతికే మనిషి. అందరూ తబితమ్మని మెచ్చుకుంటుంటే తన యజమాని చిన్నబోతున్నాడని అతనికి బాధేసింది.

"అయ్యా, మా గెర్షోముగారిని తక్కువ చెయ్యకండి" అన్నాడు. "ఆయనా అంత ధర్మాత్ముడే. పోయిన వసంతంలో నాకు మేకులు రెండుసార్లు లెక్కేశారు. నేను చెప్పగానే గుమాస్తాని నాలుగు తిట్టి, కలం లాక్కుని, తన చేత్తో అడ్డంగా గీత కొట్టారు. నా కళ్లతో చూశాను. ఇప్పటికీ ఇంట్లో చెప్పుకుంటాం."

"ఆహా" అన్నాడు న్యాయాధిపతి. "ఆ గీత చూద్దాం, ఏదీ?"

పోయిన వసంతం పేజీలు తీశారు. హోషేయ పేరు ఉంది. మేకులు ఉన్నాయి, ఒక్కసారే. గీత లేదు. గీకిన గుర్తు కూడా లేదు. కాగితం పెళ్లికూతురి నుదురులా నున్నగా ఉంది.

హోషేయ వంగి చూశాడు. తిప్పి చూశాడు. నేను అబద్ధం చెప్పలేదయ్యా అన్నాడు దీనంగా. గెర్షోము వైపు తిరిగి, మీరైనా చెప్పండి బాబూ, కొట్టారు కదా అని అడిగాడు.

గెర్షోము ఇరుక్కుపోయాడు. కొట్టానంటే ఈ చిట్టా అసలుది కాదు. కొట్టలేదంటే తనని నమ్మిన మనిషిని, ఊరందరి ముందూ, తను చేసిన మంచిపనికే అబద్ధాలకోరుని చెయ్యాలి.

న్యాయాధిపతి ఏ వాదనా పెట్టుకోలేదు. బైబిలు ఆయన ముందుకి జరిపాడు. "ఇది బేరం జరిగినప్పుడు జరిగినట్టు రాసిన చిట్టా అని ప్రమాణం చెయ్యండి. అంతే."

గెర్షోము చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి గాల్లో ఆగింది. ఊరంతా ఆ చేతినే చూస్తోంది. ఆయన హోషేయ మొహం చూశాడు, తబితమ్మ మొహం చూశాడు. చెయ్యి బైబిలు మీద పడలేదు. ఒళ్లో పడింది.

"కాదయ్యా. ఇది ఎత్తి రాయించింది" అన్నాడు. "అసలు చిట్టా ఇంట్లో అటక మీదుంది. ఎల్కానా చేపల జమలు వదిలేసి రాయమన్నది నేనే. గీతలుంటే కోర్టు నమ్మదని, కొట్టివేతలు కూడా తీసెయ్యమన్నాను."

హోషేయ నెమ్మదిగా కూర్చున్నాడు. అతనికి తన యజమానిని ఓడించింది తనేనని ఇంకా పూర్తిగా తెలియలేదు. పక్కనున్నవాళ్లు అతని భుజం తట్టారు.

తీర్పు చిన్నదే. దావా కొట్టేశారు. దుకాణం తబితమ్మదే. తబితమ్మ మాత్రం ఒక పీపా ఉప్పు బాకీ తీర్చాలి. దొంగ చిట్టా తెచ్చినందుకు గెర్షోము జరిమానా కట్టాలి. న్యాయాధిపతి తబితమ్మ చిట్టాని రెండు చేతులా పట్టుకుని ఆవిడకే ఇచ్చాడు. ఇందాకటి పిల్లి మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. అని, ముక్కు చీదుకుని, వడ్డించమన్నాడు.

రెండు రోజులు గెర్షోము ఇంట్లోంచి బయటికి రాలేదు. మూడో రోజు పొద్దున్నే, బూజు పట్టిన పాత చిట్టా చంకలో పెట్టుకుని తబితమ్మ దుకాణానికి వచ్చాడు. గుమాస్తా లేడు, నౌకరు లేడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

ఎల్కానాతో తేల్చుకోవాల్సిన లెక్క ఒకటి మిగిలిపోయిందని చెప్పాడు. తప్పు తనదేనని కూడా చెప్పాడు. అది చెప్పడానికి ఆయనకి కొంచెం సమయం పట్టింది.

తబితమ్మకి కోపం లేదని కాదు. దావా పడ్డ దగ్గర్నుంచీ ఆవిడకి సరిగ్గా నిద్ర లేదు. కానీ వర్తకుడు లెక్క తేల్చుకుందామని వస్తే కూర్చోమనడం ఆ ఊరి మర్యాద. "కూర్చోండి" అంది. "మీ చిట్టాకి ముందు బూజు దులపండి. నా బల్ల శుభ్రమైంది."

ఇద్దరూ బల్లకి అటూ ఇటూ కూర్చున్నారు. ఆయన ఒక పద్దు చదివాడు, ఆవిడ ఒక పద్దు చదివింది. ఉప్పు, చేపలు, ఉప్పు, చేపలు. మధ్యలో ఆయన లెక్కలో ఒక తప్పు దొరికింది, ఆవిడ లెక్కలో రెండు దొరికాయి. రెండు చిట్టాల్లోనూ గీతలు పడ్డాయి. కెజియా గుమ్మంలోంచి తొంగి చూసి, మగ్గం మీద దారాలు కూడా ఇంత చిక్కుపడవు అంది.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. గెర్షోము కింద సంతకం పెట్టి, కలం ఆవిడ వైపు తిప్పాడు. ఎల్కానా పెట్టాల్సిన చోట తబితమ్మ తన పేరు రాసింది. ఈసారి చెయ్యి వణకలేదు. వణికినా, ఆవిడ ఇంక దానికి భయపడలేదు.

తప్పు పడని చెయ్యి లోకంలో లేదు. పడ్డ తప్పుని నలుగురికీ కనబడనిచ్చే చెయ్యినే లోకం నమ్ముతుంది.